మూడు నూళ్ళు

డెమింగ్ ఊరవతల, రైలు పట్టాల పక్క మా రేకుల షెడ్డులోకి
ఫిబ్రవరి దుమ్ముతో పాటే వచ్చిందా బస్సు.
అరవై నాలుగు మోడలు. ఫార్గో నుంచి బిల్లింగ్స్‌కి
ఒకప్పుడు నలభై మందిని మోసిన బండి.
ఇప్పుడు లోపల ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కుట్టుమిషను,
డెబ్బై ఒక్కేళ్ళ ఆర్డిస్ క్వాలే.

"వెనక టైర్లు తినేస్తోంది," అంది దిగుతూనే,
పెంపుడు మేక మీద చాడీ చెప్పినట్టు.

తియోదులో మామయ్య వంగి, అరచేత్తో టైరును
లోపలికోసారి, బయటికోసారి నిమిరాడు.
ఒకవైపు నునుపు. ఒకవైపు రంపం.
"నీ వెనకొచ్చేవాళ్ళకి బస్సు వీపుతో పాటు
కాస్త డొక్క కూడా కనబడుతుందేమో?"
"హారన్ కొడుతుంటారు," అంది. "నేను చెయ్యూపుతుంటాను."

నాకప్పుడు పదహారు. దారం పట్టుకోవడం నా పని.
బంపర్ నుంచి కొలవబోతే చేతి మీద ఒక్కటిచ్చాడు.
"అదెప్పుడో ఎవడో గుద్దితే వంగింది.
ఫ్యాక్టరీ వాడు కొట్టిన రివెట్టు వెతుకు."

తుప్పు గీకి వెతికాను.
తూకం గుండు వేలాడదీస్తే గాలికి ఆగదు.
కాఫీ డబ్బాలో కాలిన ఆయిలు పోసి అందులో ముంచితే
తిట్లు తిన్న పిల్లాడిలా నిలబడింది.
నేల మీద సుద్ద చుక్క. అవతల ఇంకో చుక్క.
చుక్కకీ చుక్కకీ మధ్య నా దారం.
ఎడమ నుంచి ఇరుసుకి ఒక కొలత, కుడి నుంచి ఒకటి.
తేడా మూడు నూళ్ళు.

అంతే. నిద్రలో ఒత్తిగిలిన మనిషిలా
ఇరుసు కుడి కొస కాస్త వెనక్కి జరిగి పడుకుంది.
అందుకే ఆ బస్సు ముక్కు ఒక దారి, తోక ఒక దారిగా
దేశమంతా పీతలా నడిచింది.

రేడియస్ రాడ్ బోల్టుకి మధ్యాహ్నమంతా పట్టింది.
మంట, నూనె, స్పానిష్ బూతులు,
అవి అయిపోయాక ఇంగ్లీషువి.

మూడు నూళ్ళలో రెండు, రబ్బరు బుష్షులు అరిగి పోయినవి.
మూడోది రేకు. నంబరు ప్లేటు కోసి నాలుగు మడతలేసి
కుడి రాడ్డు వెనక ఎవరో దూర్చారు.
నార్త్ డకోటా, డెబ్బై ఎనిమిది.

ఆర్డిస్ తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది.
"హాల్వర్. హైవే గేర్ల డిఫరెన్షియల్ మార్చిన చలికాలం.
మంచులో వెల్లకిలా పడుకుని మూడుసార్లు కొలిచాడు.
తిన్నగా ఉందన్నాడు."

"బాగానే కొలిచాడు," అన్నాడు మామయ్య.
"బంపర్‌ని నమ్మాడు."
ఇంకేమీ అనకుండా రెంచీ తుడుచుకున్నాడు.

మర్నాడు కొలంబస్ రోడ్డు మీద నడిపి చూశాం.
రెండు మైళ్ళు పోకముందే కుడి అంచు గరగరలాడింది.
మళ్ళీ గరగర.
"పాడు చేశారు దీన్ని!" అంది.
మామయ్య స్టీరింగు చూడలేదు, ఆవిడ భుజం చూశాడు.
పందొమ్మిదేళ్ళు రవ్వంత కుడికి పట్టి పట్టి
ఆ భుజం అలాగే బిగిసిపోయింది.
"చేతులు వదులు."
"వదలను."

గురువారం దాకా పట్టింది ఒక్కో వేలూ విప్పడానికి.
బస్సు ఎటూ పోలేదు.
కుడి అద్దంలో, ఇన్నాళ్ళూ వెనక చక్రం కిందకి పోయే తెల్లగీత
నాలుగు వేళ్ళ ఎడంగా, పక్కనే పరిగెత్తుతోంది.
ఆవిడ రోడ్డు మానేసి దాన్నే చూస్తుంటే
నేను "ముందు, ముందు!" అని అరిచాను.

చెత్తడబ్బాలో పడేసిన రేకును వెతికి తెచ్చుకుని
పొయ్యి కాలి కింద పెట్టింది.
ఎప్పట్నుంచో ఒక పక్కకి ఒరుగుతోందట.
నాకొక అట్టు పోసింది, మేపుల్ పాకంతో.
ఒకవైపు మందం, ఇంకోవైపు కాగితం.
రేకు పెట్టాల్సింది అవతలి కాలికి.

నేను చెప్పలేదు.
ఇంకొకటి వెయ్యమన్నాను.